సీటు దాకా సరే, మొదటి సెమిస్టర్ మాటేమిటి?

హనోయ్‌లోని వియత్నాం విద్యా, శిక్షణ శాఖ మంత్రిగారికి,



2010 ఆగస్టు 19న హైదరాబాద్‌లో ప్రపంచ గణిత శాస్త్రవేత్తల మహాసభ మొదలైంది. ఆ వేదిక మీద రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా ఫీల్డ్స్ పతకం అందుకున్న నలుగురిలో హనోయ్‌లో పుట్టి పెరిగిన న్గో బావో చౌ ఒకరు. వియత్నాం గడ్డ మీద పుట్టినవారికి ఆ పతకం రావడం అదే మొదటిసారి. మీ దేశం గర్వంగా చెప్పుకునే ఆ రోజు మా ఊళ్లో జరిగింది కాబట్టి, ఒక తెలుగు పత్రిక నుంచి హనోయ్‌కి ఉత్తరం వెళ్లడంలో వింతేమీ లేదు.

పతకం సంగతి అందరికీ తెలుసు. ఆయన చదువుకి విదేశం వెళ్లిన కథ తెలిసినవాళ్లు తక్కువ. 1988లోనూ 1989లోనూ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు తెచ్చిన ఆ కుర్రవాడు బుడాపెస్ట్ వెళ్లి చదవాల్సింది. ఈలోగా హంగరీలో ప్రభుత్వ వ్యవస్థే మారిపోయింది, వియత్నాం విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్పులు ఆగిపోయాయి. ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందడంతో దారి పారిస్ వైపు మళ్లింది. అంతటి ప్రతిభావంతుడికే చేతిలో ఉన్న అవకాశం జారిపోయి, ఇంకోటి దొరికింది. మరి ప్రతిభ ఉండీ పతకాలు లేని పిల్లల మాటేమిటి? న్గే ఆన్ రాష్ట్రంలోనో, మెకాంగ్ డెల్టాలోనో మామూలు ప్రభుత్వ పాఠశాలలో పన్నెండో తరగతి చదివే అమ్మాయిని విదేశీ విశ్వవిద్యాలయానికి ఎవరు సిద్ధం చేస్తున్నారు? ఈ లేఖ ఆ అమ్మాయి గురించే.

ఇప్పుడు ఆ పని చేస్తున్నది ఎక్కువగా బజారు. అది ఎంతగా వేళ్లూనుకుందో 2022 నవంబరులో దేశమంతా చూసింది. విదేశీ భాషా సర్టిఫికెట్ల పరీక్షలు నడిపే సంస్థలు ముందుగా ప్రభుత్వ ఆమోదం తీసుకోవాలని మీ శాఖ ఆ ఏడాది కొత్త నిబంధనలు తెచ్చింది. ఆమోదం చేతికి రాక ముందు పరీక్ష పెట్టలేమంటూ నవంబరు 10న బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ అనే సంస్థలు రెండూ తాము నడిపే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌ను నిలిపేశాయి. ఎక్కువ రోజులు పట్టలేదు, అనుమతులు వచ్చాయి, పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి. కానీ అప్లికేషన్ల గడువులు తరుముకొస్తున్న సమయంలో ఆ కొద్ది రోజులే ఎన్నో ఇళ్లలో నిద్ర లేకుండా చేశాయి. ఒక్క పరీక్ష ఆగితే వేలమంది పై చదువు ఆగిపోయేలా ఉందంటే, తయారీ మొత్తాన్ని ఆ ఒక్క పరీక్ష చుట్టూ కట్టేశామని అర్థం.

ఆ పరీక్ష ఖరీదు కూడా తక్కువేం కాదు. వియత్నాంలో ఐఈఎల్‌టీఎస్ ఫీజు 2024లో 46 లక్షల 64 వేల డాంగ్‌లు. 2024 జులైలో సవరించిన కనీస వేతనాల ప్రకారం, అన్నిటికంటే వెనకబడిన నాలుగో ప్రాంతంలో కార్మికుడికి అప్పట్లో నెలకి అందిన కనీస జీతం 34 లక్షల 50 వేల డాంగ్‌లు. అంటే ఒక్కసారి పరీక్ష రాయడానికి నెల జీతం మొత్తం పోసినా చాలేది కాదు. మొదటిసారి అనుకున్న బ్యాండ్ రాకపోతే రెండోసారి. దానికి ముందు నెలల తరబడి కోచింగ్ ఫీజు వేరు. పెద్ద నగరాల్లో ప్రాథమిక పాఠశాల పిల్లల్ని కూడా ఐఈఎల్‌టీఎస్ క్లాసుల్లో చేర్పిస్తున్న తల్లిదండ్రులున్నారు. దేశంలోని కొన్ని విశ్వవిద్యాలయాలు కూడా అడ్మిషన్లలో ఆ స్కోరును లెక్కలోకి తీసుకోవడంతో, విదేశం వెళ్లే ఆలోచన లేనివాళ్లు సైతం అటే పరుగెడుతున్నారు.

పరీక్ష చెడ్డదని ఈ లేఖ అనడం లేదు. అది కొలిచేదాన్ని అది కొలుస్తుంది. కొలవనిదాని గురించే ఈ గొడవంతా.

కాస్త దగ్గరగా చూద్దాం. ఐఈఎల్‌టీఎస్‌లో రెండో వ్యాసానికి 40 నిమిషాలు కేటాయించుకోమంటారు, తక్కువలో తక్కువ 250 పదాలు రాయాలి. నగరాల్లో ట్రాఫిక్ తగ్గాలంటే ఏం చేయాలి, పిల్లలకి ఫోన్లు ఇవ్వొచ్చా వంటి ప్రశ్న వస్తుంది. చదివి రావాల్సినదేమీ లేదు, ఎవరి మాటా ఉదహరించనక్కర్లేదు. రెండు వైపులా చెప్పి, చివర ఒక వైపు మొగ్గితే సరిపోతుంది. కోచింగ్ సెంటర్లలో దీనికి అచ్చులు పోసి ఇస్తారు. మొదటి పేరా ఎలా ఎత్తుకోవాలి, రెండో పేరాలోకి ఏ మాటతో దిగాలి, ముగింపు ఎలా కట్టాలి అన్నీ అందులో ఉంటాయి. అదే అమ్మాయి ఆ తర్వాత మెల్‌బోర్న్‌లోనో టెక్సస్‌లోనో మొదటి సెమిస్టర్ క్లాసులో కూర్చున్నాక ఇచ్చే పని వేరే రకం. వలస కార్మికుల గురించి ఇద్దరు పరిశోధకులు రాసిన రెండు వ్యాసాలు చేతికొస్తాయి, ఒక్కోటీ పాతిక పేజీలు. వాళ్లిద్దరూ ఎక్కడ విభేదిస్తున్నారు, ఎవరి ఆధారాలు గట్టివి, నీకేమనిపిస్తోంది, ఎందుకు? వారంలోగా 1,500 పదాల్లో రాయాలి, ప్రతి మాటకీ మూలం చూపించాలి. వేరేవాళ్ల వాక్యం ఒకటి తెలియక దించేసినా నకలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ పట్టేస్తుంది, విషయం క్రమశిక్షణ కమిటీ ముందుకి వెళ్లొచ్చు. ఏడున్నర బ్యాండ్ తెచ్చుకున్న పిల్ల ఆ రాత్రి ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే, దానికి కారణం ఇంగ్లిష్ రాకపోవడం కాదు. ఇద్దరు పెద్దలు ఒకరితో ఒకరు విభేదిస్తుంటే మధ్యలో నిలబడి తన మాట చెప్పొచ్చని ఆమెకి ఇదివరకు ఎవరూ చెప్పలేదు.

ఆ చెప్పకపోవడం ఎక్కడ మొదలవుతుందో మీకు ఈ లేఖ విడమరిచి చెప్పనక్కర్లేదు. వియత్నాం ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు రెండు చేతులూ బల్ల మీద ఒకదానిపై ఒకటి మడిచి కూర్చుంటారు. జవాబు తెలిస్తే మోచేతిని బల్ల మీదే ఆనించి చెయ్యి నిటారుగా లేపుతారు. చూడముచ్చటగా ఉంటుంది. అక్కడి నుంచి హైస్కూలుకి వచ్చేసరికి, 45 మంది దాకా ఉండే క్లాసులో, సాహిత్యం పరీక్షకి నమూనా వ్యాసాలు కంఠస్థం చేస్తూ వచ్చారు. ఫలానా కవిత మీద ఏం రాయాలో ముందే అచ్చయి ఉండేది. దాన్ని ఎంత బాగా గుర్తుపెట్టుకుంటే అన్ని మార్కులు. తెలుగు పాఠకులకి ఇది కొత్త సంగతి కాదు. ఇంటర్మీడియట్ కాలేజీల్లో మెటీరియల్ బట్టీ పట్టి, బిట్లు ప్రాక్టీసు చేసి ఎంసెట్ గట్టెక్కి, ఆ తర్వాత అమెరికాలో ఎంఎస్ క్లాసులో మొదటి ప్రాజెక్టు రిపోర్టు దగ్గర చతికిలబడిన ఇంజనీర్లు మా ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఇక్కడ మీ శాఖని మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది. 2022లో మీరు పాఠశాలలకి పంపిన సూచనల్లో, సాహిత్యం పరీక్షల్లో పాఠ్యపుస్తకంలోని రచనలే తిప్పి తిప్పి ఇవ్వొద్దని చెప్పారు. 2025 నుంచి హైస్కూలు పట్టా పరీక్షలో విద్యార్థులు ఇదివరకు తరగతిలో చదవని రచనని చదివి జవాబు రాయాల్సి వస్తోంది. నమూనా వ్యాసాల పుస్తకాలు ఆ పరీక్ష ముందు చాలావరకు చేతులెత్తేస్తాయి. విదేశీ చదువుకి పిల్లల్ని సిద్ధం చేసే పనిలో గత పదేళ్లలో మీ దేశంలో పడిన అతిపెద్ద అడుగు ఇదేనని గట్టిగా చెప్పొచ్చు. ఆ ఉద్దేశంతో వేసిన అడుగు కాకపోవచ్చు. అయినా సరే.

ఎందుకంటే వాదించడం, అనుమానించడం, ఆధారం అడగడం ముందు సొంత భాషలోనే రావాలి. వియత్నామీస్‌లో ఒక కథ చదివి, ఈ పాత్ర చేసిన పని తప్పని నాకనిపిస్తోంది, ఇదిగో కారణం అని రాయగలిగిన పిల్ల ఆ పనిని ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవడానికి ఒక ఏడాది చాలు. సొంత భాషలోనే ఆ పని చేయని పిల్లకి ఏ బ్యాండూ దాన్ని తెచ్చిపెట్టదు. 2024 ఆగస్టులో మీ పార్టీ పొలిట్‌బ్యూరో పాఠశాలల్లో ఇంగ్లిష్‌ని క్రమంగా రెండో భాషగా చేయాలని నిర్ణయించింది. మంచిదే. అయితే ఆ పని కోసం వెచ్చించే డబ్బులో కొంత వియత్నామీస్ సాహిత్యం చెప్పే పంతుళ్ల శిక్షణకి వెళ్లకపోతే, ఇంకా చిన్న వయసులోనే ఇంగ్లిష్‌లో బట్టీ పట్టే పిల్లలు తయారవుతారు, అంతే. ఇంగ్లిష్ మీడియం గురించి తెలుగు నేల మీద ఇంతకాలంగా జరుగుతున్న పోట్లాట చూసినవాళ్లు చెప్పే మాట ఇది.

పిల్లల తెలివితేటల గురించి ఎవరికైనా సందేహముంటే పీసా అనే అంతర్జాతీయ పరీక్ష 2012 ఫలితాలు చూడొచ్చు. వియత్నాం మొదటిసారి పాల్గొన్న ఆ ఏడాది పదిహేనేళ్ల పిల్లలు గణితంలో 511, సైన్సులో 528 పాయింట్లు తెచ్చారు. అదే పరీక్షలో అమెరికా పిల్లలకి గణితంలో వచ్చినవి 481. తలసరి ఆదాయంలో అన్ని మెట్లు కింద ఉన్న దేశం అది సాధించడం చూసి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. పునాది అంత గట్టిగా ఉన్నచోట పైఅంతస్తు కట్టకపోవడం బాధ కలిగిస్తుంది.

విదేశీ చదువుకి తయారీ అన్నది ఒకప్పుడు మీ చరిత్రలో బజారు పని కాదు. 1905లో న్గే ఆన్ బిడ్డ ఫాన్ బోయ్ చౌ జపాన్ వెళ్లి తూర్పు ప్రయాణ ఉద్యమం మొదలుపెట్టారు. దేశాన్ని ఏలుతున్న ఫ్రెంచివాళ్ల కళ్లుగప్పి, చైనీయులమని చెప్పుకుంటూ, దాదాపు 200 మంది కుర్రాళ్లు టోక్యో చేరారు. వియత్నాం దక్షిణాది కుటుంబాలు చందాలు పోగుచేసి పంపాయి. అక్కడ వాళ్లకి ముందు జపనీస్ భాష, ఆ పైన మిగతా చదువూ సైనిక శిక్షణా. 1907లో ఫ్రాన్స్, జపాన్ ఒప్పందం కుదుర్చుకున్నాక ఆ విద్యార్థుల్ని వెళ్లగొట్టారు, 1909లో ఫాన్ బోయ్ చౌ కూడా దేశం వదలాల్సి వచ్చింది. ఆయన పేరుతో విన్ నగరంలో ఇప్పుడు ప్రతిభావంతుల పాఠశాల నడుస్తోంది.

ఆ తర్వాత సోవియట్ యూనియన్‌కి, తూర్పు జర్మనీకి, హంగరీకి వేలమంది వెళ్లారు. అప్పటి పద్ధతి ఒకసారి గుర్తుచేసుకోవాలి. హనోయ్‌లో 1959లో పెట్టిన విదేశీ భాషల విద్యాసంస్థ, ఇప్పటి హనోయ్ విశ్వవిద్యాలయం, బయటికి వెళ్లేవాళ్లకి భాష నేర్పేది. వెళ్లాక సోవియట్ విశ్వవిద్యాలయాల్లో సన్నాహక విభాగంలో ఒక ఏడాది రష్యన్, దాంతోపాటు తాము చదవబోయే శాస్త్రంలో వాడే మాటలు నేర్చుకోవాలి. తూర్పు జర్మనీ వెళ్లినవాళ్లకి లైప్‌జిగ్‌లోని హెర్డర్ ఇన్‌స్టిట్యూట్ ఆ పని చేసేది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, తిండికి కరువైన రోజుల్లో కూడా, రసాయన శాస్త్రం చదవబోయేవాడికి రసాయన శాస్త్రం భాషే నేర్పించి క్లాసులోకి పంపారు. ఆ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. ఎవరిని పంపాలో నిర్ణయించేటప్పుడు కుటుంబ నేపథ్యం చూసేవారు, ఏం చదవాలో ప్రభుత్వమే చెప్పేది. అయినా ఆ సన్నాహక సంవత్సరం వెనక ఉన్న ఆలోచన సరైనది, దాన్ని వదులుకోవడం వల్ల నష్టమే జరిగింది.

కొత్త కాలంలోనూ దానికి దగ్గరగా వచ్చిన ప్రయత్నాలున్నాయి. పాత దక్షిణ వియత్నాం ప్రభుత్వం అమెరికాకి బాకీపడిన అప్పును వియత్నాం తీరుస్తుంటే, ఆ సొమ్ములో ఏటా 50 లక్షల డాలర్లు వియత్నాం విద్యార్థుల పై చదువుకే వాడాలని అమెరికా కాంగ్రెస్ 2000లో చట్టం చేసి వియత్నాం ఎడ్యుకేషన్ ఫౌండేషన్ పెట్టింది. అమెరికన్ శాస్త్రవేత్తలు స్వయంగా వియత్నాం వచ్చి అభ్యర్థుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ల సబ్జెక్టులోనే ప్రశ్నలు వేసేవారు.  నీకు తెలిసిందేమిటి, తెలియనిదాన్ని ఎలా కనుక్కుంటావు అన్నదే చూసేవారు. ఆ ఇంటర్వ్యూ పద్ధతిని రాష్ట్ర స్థాయిలో, పదకొండో తరగతి పిల్లలకి, పరీక్షగా కాక అలవాటుగా చేయించడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు.

ఇక డబ్బు సంగతి. అసలు కష్టం ఇక్కడే ఉంది, మీ శాఖ చెయ్యి అవసరమైనదీ ఇక్కడే.

వియత్నాంలో భూమి హక్కు పత్రాన్ని ఎర్ర పుస్తకం అంటారు. పిల్లవాడి చదువుకి దాన్ని బ్యాంకులో పెట్టే ఇళ్లు ఎన్నో. తెలుగువాళ్లు పట్టాదారు పాస్‌పుస్తకం పెట్టి ఎడ్యుకేషన్ లోను తీసుకున్నట్టే. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, దానికి బదులుగా ఏం దొరుకుతోంది అన్నది చూడాలి. 2023లో జపాన్‌లో వియత్నాం విద్యార్థులు 36 వేలమందికి పైగా ఉన్నారు. దక్షిణ కొరియాలో అంతకన్నా ఎక్కువ. అమెరికాలో 2023-24లో 22,066 మంది, దేశాలవారీగా ఆరో స్థానం. జపాన్ వెళ్లేవాళ్లలో చాలామంది నేరుగా విశ్వవిద్యాలయంలో చేరరు. ముందు భాషా పాఠశాలలో చేరతారు. విద్యార్థి వీసా మీద వారానికి 28 గంటలే పని చేయాలి. ఊళ్లో అప్పు అంతకంటే పెద్దది. పగలు క్లాసు, రాత్రి భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలోనో, కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్ దగ్గరో పని. నిద్ర చాలదు, కంజీ అక్షరాలు బుర్రకెక్కవు, విశ్వవిద్యాలయం పరీక్ష దాటడం కష్టమవుతుంది. బయల్దేరేముందు ఆ కుటుంబానికి 28 గంటల లెక్క కాగితం మీద వేసి చూపించిన వాళ్లు లేరు. గంటకి ఇంత జీతం, నెలకి ఇంత అద్దె, ఇంత ఫీజు, చివరికి మిగిలేదింత అని చెప్తే చాలు, ఎన్నో ఇళ్లు ఇంకోలా నిర్ణయించుకునేవి.

ఏజెంట్లని నమ్మి నిలువునా మునిగిన అనుభవం తెలుగువాళ్లకి బాగా ఉంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కొందరు విద్యార్థుల కాళ్లకి ట్రాకింగ్ పరికరాలు తగిలించారు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన సంస్థలో చేరిన విద్యార్థులు అరెస్టయ్యారు. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, అందులోనూ తెలుగువాళ్లు ఎక్కువ. క్లాసులు లేవు, లైబ్రరీ లేదు, పాఠం చెప్పేవాళ్లే లేరు. అమెరికాకి మరే దేశం కంటే ఎక్కువమంది విద్యార్థుల్ని పంపే స్థాయికి భారత్ చేరింది, అందులో తెలుగు రాష్ట్రాల వాటా పెద్దది. అయినా కాలేజీ అసలుదో నకిలీదో చూసి చెప్పే ప్రభుత్వ కౌంటర్ ఒకటి జిల్లా కేంద్రంలో లేదు. మా తప్పునుంచి మీరైనా నేర్చుకోవాలన్నదే ఈ ఉత్తరం వెనక ఉన్న ఆరాటం.

వియత్నాంలో విదేశీ విద్యా సలహాదారులకి డిగ్రీ ఉండాలి, విదేశీ భాషలో ఆరు మెట్ల చట్రంలో నాలుగో మెట్టు స్థాయి ఉండాలి, శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి అన్న నిబంధనలున్నాయి. కాగితం మీద ఇవి మంచి నిబంధనలు. కానీ సలహా ఇచ్చేవాడికి విదేశీ కాలేజీ ఎంత కమీషన్ ఇస్తోందో తండ్రికి తెలియనప్పుడు, ఆ సలహాదారు భాషా స్థాయి ఎంతైతే ఏం లాభం? ఏ కాలేజీ నుంచి ఎంత అందుతోందో ఫీజు రసీదు మీదే రాసి ఇవ్వాలన్న ఒక్క నిబంధన పెట్టండి. ప్రతి రాష్ట్ర విద్యా విభాగంలో ఒక్క మనిషిని, కమీషన్ లేకుండా జీతం మీద పనిచేసే మనిషిని, ఈ ప్రశ్నల కోసమే కూర్చోబెట్టండి. ఆ కుర్చీలో విదేశంలో చదివి తిరిగొచ్చిన యువతీ యువకులైతే ఇంకా మంచిది.

తిరిగొచ్చేవాళ్ల గురించి ఒక మాట. ‘ఒలింపియా శిఖరానికి దారి’ అని 1999 నుంచి ప్రభుత్వ టెలివిజన్ వీటీవీలో నడుస్తున్న హైస్కూలు క్విజ్ పోటీని దేశమంతా చూస్తుంది. ఫైనల్ రోజున పోటీదారుల సొంత ఊళ్లలో జనం పోగై కేరింతలు కొడతారు. విజేతలకి ఆకుల కిరీటం, ఆస్ట్రేలియాలో చదువుకి బహుమతి అందుతూ వచ్చాయి. విజేతల్లో ఎక్కువమంది ఆస్ట్రేలియాలోనే స్థిరపడిపోయారని ఏటా పత్రికల్లో చర్చ, కొందరి మీద నిందలు. ఆ నింద న్యాయం కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఎక్కడ ఉంటే తన చదువుకి పని దొరుకుతుందో అక్కడ ఉంటాడు. న్గో బావో చౌ షికాగోలో పాఠాలు చెబుతూనే, 2010 చివర హనోయ్‌లో పెట్టిన గణిత ఉన్నత అధ్యయన సంస్థకి దిశ చూపుతూ వచ్చారు. తిరిగి వచ్చేవాళ్లకీ, సగం వచ్చేవాళ్లకీ, దూరం నుంచి సాయం చేసేవాళ్లకీ చేతినిండా పని చూపించే సంస్థలు అలాంటివి ఇంకొన్ని కావాలి.

చిన్న విషయాలు కూడా తయారీలో భాగమే. వియత్నాం పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, తెలుగువాళ్లకి లాగానే. జనాభాలో చాలామంది ఇంటిపేరు న్గుయెన్. పాస్‌పోర్టు మీద ఒక వరస, అప్లికేషన్‌లో ఇంకో వరస, బ్యాంకు ఖాతాలో మూడో వరస అయితే పట్టా చేతికొచ్చే రోజున చిక్కు మొదలవుతుంది. ఈ బాధ పడని తెలుగు కుటుంబం అమెరికాలో అరుదు. పదకొండో తరగతిలోనే అన్ని కాగితాల మీదా పేరు ఒకే తీరులో రాయించే పని మీ పాఠశాలలు ఒక మధ్యాహ్నంలో చేయగలవు. ఇంటి అద్దె కాగితంలో ఏం చూడాలి, ఆరోగ్య బీమా దేనికి పనికొస్తుంది, యజమాని జీతం ఎగ్గొడితే ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నవీ అలాంటివే.

ఈ మధ్య తెలుగు పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి మీ దేశం వస్తున్నారు. వాళ్లలోనూ చాలామంది ఏజెంట్ల మాట విని వచ్చినవాళ్లే, వాళ్లకీ వియత్నామీస్ రాక ఆసుపత్రి వార్డులో రోగితో మాట్లాడటం కష్టమే. మీ పిల్లల కోసం బయటి దేశాలని మీరు ఏం అడగాలో, మా పిల్లల కోసం మిమ్మల్ని మేమూ అదే అడగాలి. వచ్చేముందే వార్డుకి పనికొచ్చే వియత్నామీస్ నేర్పించండి, ఫీజుల వివరాలు అన్నీ బయటపెట్టండి.

మంత్రిగారూ, ఇంగ్లిష్‌ని రెండో భాషగా చేసే పనికి మీ శాఖ ఏటా లెక్కలు వేస్తుంది. ఆ లెక్కల్లో ఒక పద్దు చేర్చమని ఈ లేఖ కోరుతోంది. హైస్కూలు పదకొండో తరగతిలో ప్రతి విద్యార్థీ తన ఊరి సమస్య ఒకటి తీసుకుని, మెకాంగ్‌లో ఉప్పునీరు చొరబడటమో, న్గే ఆన్ నుంచి వలసపోవడమో, నాలుగైదు మూలాలు చదివి, మూలాల పేర్లు చెబుతూ, వియత్నామీస్‌లో పది పేజీలు రాయాలి, రాసినదాన్ని క్లాసు ముందు నిలబడి సమర్థించుకోవాలి. దీన్ని ముందుగా ఏవైనా రెండు పేద రాష్ట్రాల్లో, మామూలు ప్రభుత్వ పాఠశాలల్లో మొదలుపెట్టండి. ప్రతిభావంతుల పాఠశాలల దాకా దీన్ని ఇప్పుడే తీసుకెళ్లనక్కర్లేదు, అక్కడి పిల్లలకి దారులు చాలానే ఉన్నాయి. ఆ పది పేజీలు దిద్దే పంతుళ్లకి అదనపు గంటలకి జీతం ఇవ్వండి. మొదటి ఏడాది ఫలితాలు బయటపెట్టండి. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ వాటి కోసం ఎదురుచూసే పంతుళ్లున్నారు.

ఇట్లు,
ఒక తెలుగు పత్రికా రచయిత